పట్టేసిన మర

నీళ్ళలో కూతురు గిలగిల్లాడుతుంటే ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టిన తల్లి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. పేరు కౌసల్య. కృష్ణానగర్‌లో ఓ ఇరుకు సందు చివర, మేడమీద రెండు గదుల వాటాలో కాపురం. ఆ చప్పట్లు కొట్టింది ఫిల్మ్‌నగర్‌లో ఒక షూటింగ్ ఫ్లోరులో, పట్టపగలు, యూనిట్ అందరి మధ్యా. వినగానే ఆమెను నాలుగూ అనాలనిపిస్తుంది. అనండి, కాదనను. కాకపోతే జరిగింది విన్నాక అనండి.

కౌసల్య భర్త వెంకటాచలం ఫైట్ మాస్టర్ సాయిశ్రీనివాస్ దగ్గర తాళ్ళు కట్టే మనిషి. హీరో మేడ మీంచి గాలిలో తేలుతూ దిగినా, విలన్ అనుచరుడు తన్ను తిని గోడ దాకా ఎగిరిపడినా, వాళ్ళ నడుముకు కట్టిన తాడూ పైన తిరిగే కప్పీ వెంకటాచలం చేత్తో బిగించినవే. తాడు తెరమీద కనపడకపోవడమే ఆ పనిలో గొప్ప కాబట్టి అతనెవరో లోకానికి తెలియదు. తెలిసినవాళ్ళకు మాత్రం అతనంటే ఎంత గురంటే, పేరున్న హీరోలు కూడా "చలం చూశాడా?" అని అడిగాకే పాదం నేలమీంచి లేపేవాళ్ళు. ఇంట్లో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టడం రాని మనిషి, ఫ్లోరులో కొక్కెం పెట్టాడంటే మూడుసార్లు లాగి చూసేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, చిన్మయి. చిన్నప్పటినుంచీ ఈత, జిమ్నాస్టిక్సు అంటూ తిరిగింది. డిగ్రీ అయ్యాక ఏ బ్యాంకు పరీక్షకో కూర్చుంటుందని తల్లి ఆశపడుతుంటే, హీరోయిన్లకు డూప్ చేస్తానని పిడుగులాంటి మాట అంది. కౌసల్య నెత్తీ నోరూ బాదుకుంది. అన్నం మానేసింది. కాళ్ళూ చేతులూ విరిగితే ఎవడు చేసుకుంటాడే అని ఏడ్చింది. అన్నీ విని చిన్మయి ఒక్కటే మాట అంది: "నాన్న కట్టే తాడే కదమ్మా." కౌసల్య లేచి వెళ్ళి కంచం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ మాటకు తిరుగు లేదు.

మొదటి అవకాశం ఒక జానపద సినిమాలో వచ్చింది. రాకుమారిని శత్రువులు కోనేటి అడుగున గొలుసుతో కట్టి వదిలేస్తారు. ఆమె నీళ్ళలో పెనుగులాడి, సంకెల తెంచుకుని పైకి వస్తుంది. హీరోయిన్ ముఖం విడిగా తీసి కంప్యూటర్లో అతికిస్తారు. మునిగేదీ, పెనుగులాడేదీ, తేలేదీ చిన్మయి. దానికోసం ఫ్లోరులో రెండు నిలువుల లోతున అద్దాల ట్యాంకు కట్టారు.

సంకెల వెంకటాచలమే చేయించాడు. చూడ్డానికి పాతకాలపు ఇనుప కడియం. నిజానికి అది తుప్పు పట్టని స్టీలు, బాలానగర్‌లో లేతు మీద తీయించింది. పక్కన బొటనవేలంత లావు మర ఒకటి ఉంటుంది. ఎడమ చేతికి కడియం ఉంటే, కుడి చేత్తో ఆ మర తిప్పాలి, తిప్పితే కడియం విచ్చుకుంటుంది. గొలుసు బిగుతుగా లాగుతూ తిప్పితేనే తెంచుకున్నట్టు కనపడుతుంది. ఆ మరకు వెంకటాచలం నల్లటి గ్రీజు దట్టించాడు. రిహార్సళ్ళన్నీ ఆ గ్రీజుతోనే జరిగాయి, మర వెన్నలా తిరిగింది.

ఈలోగా దసరా వచ్చింది. మహానవమి నాడు పనిముట్లకు పూజ చేసుకోవడం మనకు అలవాటే కదా. వడ్రంగి రంపానికీ, డ్రైవరు బండికీ బొట్టు పెట్టినట్టే వెంకటాచలం కూడా ఏటా తన తాళ్ళూ కప్పీలూ కొక్కేలూ ఇంటికి తెచ్చి అమ్మవారి పటం ముందు పెట్టేవాడు. పైపైన ఓ గుడ్డతో తుడిచి, ఓ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి లేచేవాడు. ఈసారి అతను గుమ్మడికాయ కోసం యూసుఫ్‌గూడ మార్కెట్టుకు వెళ్ళినప్పుడు కౌసల్య ఆ పనిముట్ల సంచి విప్పింది. కూతురి చేతికి తొడిగే కడియం నల్లగా, జిడ్డుగా కనపడింది. పిల్ల మొదటి పని అది. దాన్ని అలా అమ్మవారి ముందు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

వేణ్ణీళ్ళలో సబ్బు పొడి కలిపి నానబెట్టింది. చింతపండుతో తోమింది. మర సందుల్లో ఇరుక్కున్న గ్రీజును పాత టూత్ బ్రష్షుతో తీసి తీసి, చివరకు కిరోసిన్‌లో ముంచి మరీ గీకింది. చెయ్యి నొప్పి పుట్టినా వదల్లేదు. ఆరబెట్టి పసుపు రాసి, మర నెత్తిన ఎర్రగా కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త వెండి కడియంలా మెరుస్తున్న దాన్ని చూసుకుని పొంగిపోయింది.

వెంకటాచలం వచ్చి చూసి, గ్రీజు అంతా పోయిందే అన్నాడు. మళ్ళీ పెట్టడానికి డబ్బా తీశాడు.

"పిల్ల మొదటి షాట్ అయ్యేదాకా ఆ బొట్టు చెరపకండి," అంది కౌసల్య. "అమ్మవారు దాని చెయ్యి పట్టుకుని ఉన్నట్టుంటుంది నాకు. షాట్ అయ్యాక డబ్బా డబ్బా పూసుకోండి."

వెంకటాచలం డబ్బా పక్కన పెట్టాడు. మరను వేళ్ళతో తిప్పి చూశాడు. పొడిగానే ఉన్నా హాయిగా తిరిగింది. మూడుసార్లు తిప్పాడు, మూడుసార్లూ తిరిగింది. భార్య ముఖం చూసి, సరేనని డబ్బా మూత పెట్టేశాడు. నీళ్ళలో దిగాక కుంకుమ బొట్టు ఎంతసేపు నిలుస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని పనిలో కౌసల్య చెప్పిన మొదటి మాట అది, అతను విన్న మొదటి మాట కూడా అదే.

పండగ వెళ్ళిన రెండో రోజు షూటింగ్. కౌసల్య పట్టుచీర కట్టుకుని వచ్చింది. మానిటర్‌కు కాస్త ఎడంగా, ట్యాంకు అద్దానికి ఎదురుగా ఆమెకు కుర్చీ వేశారు. రాకుమారి వేషంలో జుట్టు విరబోసుకుని చిన్మయి నీళ్ళలోకి దిగే ముందు తల్లి వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. ట్యాంకులో అట్టతో చేసిన బండ వెనకాల గాలి సిలిండరుతో క్రాంతికుమార్ అనే ఈతగాడు కాపలా ఉన్నాడు. చిన్మయికి ఏదైనా ఇబ్బందైతే కుడి చెయ్యి నడినెత్తిన పెట్టుకోవాలి, అతను వెంటనే వెళ్ళాలి. అదీ వాళ్ళ మధ్య గుర్తు.

దర్శకుడు అరవింద్ యాక్షన్ అన్నాడు. చిన్మయి గొలుసు లాగింది, మెలికలు తిరిగింది, మర మీద చెయ్యి వేసింది. నీళ్ళలో ఆ చీర కొంగూ ఆ జుట్టూ విప్పారుతుంటే ఫ్లోరంతా ఊపిరి బిగబట్టి చూసింది. రిహార్సల్లో ఎప్పుడూ లేనంత కసిగా గొలుసును గుంజుతోంది. కాళ్ళు ట్యాంకు అడుగున తన్నిపెట్టి, వెన్ను విల్లులా వంచి లాగుతోంది. అరవింద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ ఎక్కడుందయ్యా అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కౌసల్య కూడా కొట్టింది. గర్వంతో కళ్ళు చెమ్మగిల్లి, చేతులు నొప్పెట్టేలా కొట్టింది.

అప్పుడు చిన్మయి అద్దంలోంచి సూటిగా తల్లిని చూసింది.

అది రాకుమారి చూపు కాదు. చిన్నప్పుడు పన్ను పీకించడానికి తీసుకెళ్తే, కుర్చీలో కూర్చుని అమ్మ చెయ్యి వదలకుండా చూసిన చూపు. కౌసల్య చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పిల్ల కుడి చెయ్యి నెత్తిమీదే ఉంది. విరబోసుకున్న జుట్టు చుట్టూ పరుచుకుని ఆ చేతిని కప్పేసింది. బండ వెనకనున్న క్రాంతికుమార్‌కు జుట్టు తప్ప ఏమీ కనపడటం లేదు. పిల్ల నోట్లోంచి పెద్ద బుడగ ఒకటి బయటికొచ్చి పైకి పోయింది. ఆ తర్వాత బుడగలు లేవు.

"దానికి ఊడట్లేదు," అంది కౌసల్య. ఆ గొంతు ఆమెకే వినపడలేదు. రెండోసారి అరిచింది. షాట్ నడుస్తోంది, కూర్చోమ్మా అని ఎవరో కసిరారు. ఆమె కుర్చీ తన్నేసి వెళ్ళి రెండు చేతులతో అద్దాన్ని బాదింది. ఆ చప్పుడుకు ట్యాంకు పక్కన మెట్ల మీదున్న వెంకటాచలం తల తిప్పి చూశాడు. భార్యను చూశాడు, కూతుర్ని చూశాడు, చొక్కాతో అలాగే దూకేశాడు. అప్పుడు గానీ క్రాంతికుమార్‌కు అర్థం కాలేదు.

అతను రెండో గాలి గొట్టం తీసి చిన్మయి నోటికి అందించాడు. ఆమె దాన్ని కొరికి పట్టుకుంది. నీళ్ళు మింగేసిందేమో ఒళ్ళంతా అదిరిపోతూ దగ్గింది. మళ్ళీ బుడగలు లేచాయి. ఫ్లోరులో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. కౌసల్య మాత్రం వదల్లేదు, ఎందుకంటే వెంకటాచలం ఇంకా మరతో కుస్తీ పడుతున్నాడు. చేత్తో తిప్పాడు. పైకొచ్చి గాలి పీల్చుకుని, పానా తీసుకుని మళ్ళీ మునిగాడు. రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి తిప్పాడు. మర అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మళ్ళీ పైకొచ్చినప్పుడు అతని ముఖంలో రక్తం చుక్క లేదు.

"పట్టేసింది," అన్నాడు. "గొలుసు కత్తిరించాలి. కట్టర్ తెండి."

కట్టర్ బయట, గేటు దగ్గర ఆపిన వ్యానులో ఉంది. తాళాలున్న డ్రైవరు టీకి వెళ్ళాడు. ఎవరో అతని కోసం పరిగెత్తారు, ఇంకెవరో రాయి తీసుకుని వ్యాను అద్దం పగలగొట్టడానికి పరిగెత్తారు. ఆ కాసేపూ కౌసల్య అద్దానికి అరచేతులు ఆనించి నిలబడింది. అవతలినుంచి చిన్మయి తన కుడి అరచేతిని తెచ్చి అదే చోట ఆనించింది. మధ్యన బొటనవేలంత మందం గాజు. చల్లగా తగిలింది గాజే తప్ప పిల్ల చెయ్యి కాదు.

గొలుసు తెగింది. చిన్మయిని పైకి లాగి నేలమీద పడుకోబెడితే నీళ్ళు కక్కుకుంది. కళ్ళు తెరిచింది, నాన్నా అంది. వెంకటాచలం తడి బట్టలతో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మానిటర్ దగ్గర ఓ అసిస్టెంటు కుర్రాడు, షాట్ మొత్తం రికార్డయింది సార్ అని దర్శకుడితో అన్నాడు. అరవింద్ వాడి వైపు చూసిన చూపుకు వాడు అక్కడినుంచి మాయమయ్యాడు.

ప్రాణం దక్కింది గానీ కడియం ఇంకా చేతికే ఉంది. గుంజుకున్న గుంజుకి మణికట్టు పొంగి, స్టీలు కండలోకి దిగిపోతోంది. వేళ్ళు నీలం తిరుగుతున్నాయి. సెట్టు వడ్రంగులు కరెంటు కోత మిషను పట్టుకొచ్చారు. వెంకటాచలం వద్దన్నాడు. ఆ మిషనుతో కోస్తే నిప్పురవ్వలు లేస్తాయి, స్టీలు ఎర్రగా కాలుతుంది, కింద ఉన్నది పిల్ల చెయ్యి. చేతి రంపం తెప్పించాడు. చిన్మయిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, కడియానికీ చర్మానికీ మధ్య తడిగుడ్డ దూర్చి, మెల్లగా కొయ్యడం మొదలుపెట్టాడు. రంపం వేడెక్కకుండా కౌసల్య పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కారు గుమ్మం ముందే ఉంది.

క్రాంతికుమార్ వంగి ఆ మరను చూశాడు. మరకూ కడియానికీ మధ్య గీత కూడా కనపడటం లేదు, రెండూ ఒకే ముద్దగా ఉన్నాయి. "అన్నా, వెల్డింగ్ జేసినట్టే ఉంది," అన్నాడు. "గీ నీళ్ళల్ల వెల్డింగ్ ఎట్లయింది?"

వెంకటాచలం రంపం ఆపలేదు. దానికి నిప్పు అక్కర్లేదని చెప్పాడు. ఈ స్టీలు మీద తుప్పు పట్టకుండా కంటికి కనపడని పల్చటి పొర ఉంటుందట. బరువు పడి, పొడిగా రాసుకుంటే ఆ పొర లేచిపోతుందట. "అప్పుడు లోపలి స్టీలు అవతలి స్టీలుకి తగుల్తుంది. రెండూ ఒకటే జాతి. మధ్యలో జిడ్డు లేకపోతే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా." కాస్త ఆగి, "వేళ్ళతో ఊరికే తిప్పితే తెలీదు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

కౌసల్య పోస్తున్న నీళ్ళు కడియం తప్పి బల్లమీద పడ్డాయి. మధ్యలో జిడ్డు. ఆమె చింతపండు వేసి తోమింది, కిరోసిన్‌లో ముంచి గీకింది, చెయ్యి నొప్పి పుట్టినా వదలకుండా తీసింది ఆ జిడ్డునే. మురికి అనుకుని తీసింది. ఆ మురికే పిల్ల ప్రాణమని ఆమెకు ఎవరు చెప్పాలి? తన బిడ్డ బలమంతా పెట్టి తిప్పిన ప్రతి తిప్పూ సంకెలను ఇంకా బిగించింది. ఎదురుగా కూర్చుని తను చప్పట్లు కొట్టింది.

సాయిశ్రీనివాస్ మాస్టర్ అంతవరకూ దూరంగా నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చి బల్లమీద చెయ్యి పెట్టి, గ్రీజు ఏమైందని అడిగాడు.

వెంకటాచలం తలెత్తలేదు. "పెట్టడం మర్చిపోయాను మాస్టారూ," అన్నాడు.

మాస్టర్ కోప్పడలేదు. పండగ హడావుడి, పైగా సొంత పిల్ల మొదటి షాట్, కంగారులో ఎవరికైనా జరుగుతుందిలే అన్నాడు. నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండి రమ్మన్నాడు. వెళ్ళబోతూ వెంకటాచలం భుజం మీద చెయ్యి వేశాడు.

కౌసల్య అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ ఎన్నడూ ఏదీ మరవని మనిషి, తన కోసం నలుగురిలో మరిచానని చెప్పుకోవడం ఆమె భరించలేకపోయింది. భర్త పరువు నిలబెడుతున్నాననే అనుకుంది పిచ్చి ఇల్లాలు.

"ఆయన మర్చిపోలేదండీ," అంది. "పూజకని నేనే కడిగేశాను. ఆయన మళ్ళీ పెట్టబోతుంటే బొట్టు చెరిగిపోతుందని నేనే వద్దన్నాను. తప్పు నాది."

భుజం మీద ఉన్న చెయ్యి లేచింది. మాస్టర్ కౌసల్యను చూడలేదు, ఆమె తప్పు ఆయన లెక్కలోనే లేదు. వెంకటాచలాన్నే చూశాడు. రంపం ఆగిపోయింది.

"మర్చిపోయినవాణ్ణి మళ్ళీ పిలుస్తాను చలం," అన్నాడు మెల్లగా. "తెలిసీ వదిలేసినవాడి తాడు మీదికి ఎవరి పిల్లని ఎక్కించమంటావు?"

మాస్టర్ వెళ్ళిపోయాడు. నిజం చెబితే భర్త నింద నుంచి బయటపడతాడనుకుంది కౌసల్య. ఆ నిజమే అతని మెడకు చుట్టుకుంది. చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడానికి ఏదైనా దారి ఉంటే ఆ క్షణంలో ప్రాణమైనా ఇచ్చేది.

చిన్మయి తల్లివైపు చూడలేదు. తండ్రినే చూస్తోంది. నీళ్ళలో ఊపిరాడనప్పుడు కూడా ఆ కళ్ళలో అంత నివ్వెరపాటు లేదు. బల్లమీదున్న ఎడమ చేతిని మెల్లగా వెనక్కి లాక్కుని గుండెకు ఆనించుకుంది.

"తెలుసా నాన్నా నీకు?" అంది.

"తిప్పి చూశానమ్మా," అన్నాడు వెంకటాచలం. "తిరిగింది."

ఆ పెద్ద చేతుల్లో రంపం చిన్న పిల్లాడి ఆటబొమ్మలా వేలాడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. పిల్ల వేళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి, ఆలస్యం చేసే వీల్లేదు. కౌసల్య చెంబు మళ్ళీ నింపుకుంది.

చిన్మయి ఎడమ చేతిని మళ్ళీ బల్లమీద పెట్టింది. కుడి చెయ్యి చాపి తండ్రి చేతిలోంచి రంపం తీసుకుంది. అతను వదిలేశాడు. సగం దాకా పడిన కోతలో రంపం ఆనించి, తన సంకెలను తనే కొయ్యడం మొదలుపెట్టింది. రంపం పక్కకు జారుతోంది.

"కదలకుండా పట్టుకో నాన్నా," అంది, తలెత్తకుండా. వెంకటాచలం రెండు చేతులతో కడియాన్ని పట్టుకున్నాడు.

"నీళ్ళు ఆపకమ్మా. కాలుతోంది."

కౌసల్య నీళ్ళు పోసింది.